పవర్ తర్వాత, ముందు చల్లదనం: ఒక పాత రోటరీ కారుతో పదేళ్లు

(అనంతపురంలో ఒక ఆదివారం ఉదయం మెకానిక్‌లు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి కూర్చున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన అన్నలు ముందుకు రండి, ఈ బల్ల మీద ఉన్నవి మీకు కనిపించాలి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఒక మాట అడుగుతాను. ఈ గదిలో ఆర్ఎక్స్ 100 నడిపినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూడండి, సగం మంది. సరే, పాత బజాజ్ చేతక్? పెద్దవాళ్లంతా ఎత్తారు. చేతక్‌కు పెట్రోలు పోయించేటప్పుడు బంకులో ఏం చేసేవాళ్లు? లీటరుకు 20 మిల్లీలీటర్ల లెక్కన టూటీ ఆయిల్ కలిపేవాళ్లు. ఎందుకు కలపాలి? ఆ ఇంజనులో బోరుకు, పిస్టన్‌కు నూనె అందే దారి అదొక్కటే. పెట్రోలుతో కలిసి లోపలికి పోయి, తడిపి, చివరికి అదీ కాలిపోతుంది. ఆర్ఎక్స్ 100లో మనం కలిపే పని లేకుండా ఒక చిన్న ఆయిల్ పంపు పెట్టారు. ఈ రెండూ గుర్తుంచుకోండి, కలిపే నూనె, నూనె పంపు. మళ్లీ వీటి దగ్గరికే వస్తాం.

నాది తాడిపత్రి దగ్గర పల్లె. ఇక్కడే ఇంజనీరింగ్ చదివి న్యూజిలాండ్ పోయాను. ఆక్లాండ్‌లో పదకొండేళ్లు ఉన్నాను. ఆ దేశంలో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. అందుకే జపాన్‌లో వాడిన పాత కార్లు ఓడల్లో అక్కడికి వచ్చి పడతాయి. జీతం మామూలుగా వచ్చే మనిషి కూడా ఒక మంచి జపాన్ స్పోర్ట్స్ కారు కొనుక్కోవచ్చు. నేను కొన్నది 1989 మోడల్ మాజ్దా ఆర్ఎక్స్-7. రెండో తరం, దాన్ని ఎఫ్‌సీ అంటారు. టర్బో ఉన్న 13బి ఇంజను. టర్బో అంటే పొగ తోపుతో తిరుగుతూ ఇంజనులోకి ఎక్కువ గాలి తోసే పంకా. పదేళ్లు అది నా దగ్గర ఉంది. ఆ పదేళ్లలో ఒకసారి నా చేతుల్తోనే దాని ఇంజను పాడుచేశాను. దాని గురించి చెప్పడానికే వచ్చాను. పిల్లలు మాడిఫికేషన్ అనగానే ముందు పవర్ అంటారు. నేను కూడా అట్లే అన్నాను.

సరే, అసలు రోటరీ ఇంజను అంటే ఏమిటి? పిస్టన్ లేని ఇంజను. వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చెయిన్ లేదు. మా తాతకు ఎద్దు గానుగ ఉండేది. గానుగ చూసినవాళ్లకు నేను ఈ ఇంజనును ఒక్క నిమిషంలో చెప్పగలను. గానుగలో ఏముంటుంది? కదలని రోలు, దాని లోపలి గోడకు ఒరుసుకుంటూ తిరిగే రోకలి. రోకలి నడిమధ్యలో నిలబడి తిరగదు, పక్కకు వాలి గోడను ఒత్తుతూ తిరుగుతుంది. రోటరీలో కూడా అంతే. కదలని గోడ ఉంటుంది, దాన్ని హౌసింగ్ అంటారు. లోపల వాలి తిరిగేది రోటర్. హౌసింగ్ లోపలి ఆకారం ఎట్లా ఉంటుందో తెలుసా? మన వేరుశనగ కాయ. రెండు గింజలున్న కాయ తీసుకోండి, నడుము దగ్గర కొంచెం నొక్కుకుని ఉంటుంది కదా, అదే ఆకారం, కాకపోతే ఇంకొంచెం లావు. రోటరేమో మూడు మూలలున్నది, పక్కలు ఉబ్బిన త్రిభుజం. ఆ మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి. ఎప్పుడూ. ఒక్క క్షణం కూడా వదలకూడదు.

ఆ మూడు మూలల మధ్య మూడు గదులు ఏర్పడతాయి. ఒక గదిలో గాలి, పెట్రోలు లోపలికి వస్తుంటే, ఇంకో గదిలో మంట మండుతుంటుంది, మూడో గదిలో నుంచి పొగ బయటికి పోతుంటుంది. మూడు పనులూ ఒకేసారి. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు దాని మధ్యలోంచి పోయే షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే మీటర్‌లో 6000 ఆర్‌పీఎం కనిపిస్తుంటే లోపల రోటర్ తిరిగేది 2000 మాత్రమే. అందుకే ఆ నున్నదనం. ముల్లు పైకి పోతుంటుంది, చేతికి వణుకు తెలియదు. ఎంత తెలియదంటే, కంపెనీవాళ్లే హద్దు దగ్గరికి రాగానే మోగే బజర్ పెట్టారు. నా కారుకు ఆ హద్దు 7000.

13బి అంటే ఇలాంటి రోటర్లు రెండు. ఒక్కో గది 654 సీసీ, రోటర్‌కు ఒక గది లెక్కన రెండూ కలిపితే 1308 సీసీ. మన స్విఫ్ట్‌కు దగ్గర్లో ఉండే లెక్క. ఆ 1308 సీసీతో, టర్బోతో, జపాన్‌లో నా మోడల్‌కు కంపెనీ ఇచ్చింది 205 హార్స్‌పవర్. 1989లో! అప్పుడు మన రోడ్ల మీద మారుతి 800 ఉంది. ఇంజను కూడా చిన్నది, తేలిక. ముందు చక్రాల ఇరుసుకు వెనకగా, కిందగా కూర్చుంటుంది. బరువు ముందుకు, వెనక్కు దాదాపు సగం సగం. మలుపులో ఆ కారు తిరిగే తీరు... దాని గురించి మాట్లాడాలంటే ఒక పూట పడుతుంది. వద్దు, ఇంజను సంగతి చూద్దాం.

ఈ ఇంజను ఆలోచన జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్‌ది. ఎన్‌ఎస్‌యూ అనే కంపెనీ దగ్గర 1957లో మొదటిది నడిచింది. ఆ కంపెనీ 1967లో ఆర్ఓ 80 అనే కారు తెచ్చింది. చాలా మంచి కారు, కానీ ఇంజన్లు తొందరగా అరిగిపోయాయి. వారంటీ కింద మార్చి మార్చి కంపెనీ అలసిపోయింది. 1969లో ఇంకో కంపెనీలో కలిసిపోయింది. ఏం అరిగింది? ఆ మూడు మూలలు. మూలల్లో చిన్న బద్దల్లాంటివి ఉంటాయి, ఏపెక్స్ సీల్స్ అంటారు. ఇదిగో, ఇది చూడండి. మందం ఎంత? 2 మిల్లీమీటర్లు. పిస్టన్‌కు రింగులు ఎట్లాగో రోటర్‌కు ఇవి అట్లా. రోటర్‌కు మూడు, రెండు రోటర్లకు ఆరు. ఆ ఇంజను మొత్తం ఈ ఆరు బద్దల మీద బతుకుతుంది.

ఇదే సమస్యను హిరోషిమాలో మాజ్దా పట్టుకుంది. 1961లో జర్మనీ నుంచి లైసెన్సు తెచ్చుకుంటే, నడిపిన కాసేపటికే హౌసింగ్ లోపలి గోడ మీద అలల్లాగా గీతలు పడ్డాయి. సీలు గోడను ఒరుసుకుంటూ వణుకుతోంది, ఆ వణుకే గోడను చెక్కేస్తోంది. జపాన్‌వాళ్లు ఆ గీతలకు దయ్యం గోళ్ల గీతలు అని పేరు పెట్టారు. కెనిచి యమమోటో అనే ఇంజనీరు, ఆయన కింద 47 మంది, ఏళ్ల తరబడి ఆ గీతల మీదే పనిచేశారు. సీలు లోపల బొక్కలు పెడితే వణుకు తీరు మారుతుందని కనుక్కున్నారు, తర్వాత కార్బన్, అల్యూమినియం కలిపిన సీలు చేశారు. 1967లో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది. ఆ యమమోటో తర్వాత కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. పిల్లలూ, మీరు ఇది వినాలి. ఒక గీత. గోడ మీద ఒక గీత ఎందుకు పడుతోందని ఏళ్లు కూర్చున్నారు. ఇంజనీరింగ్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. ఆ పని మీద నిలబడి 1978 నుంచి 2002 దాకా ఆర్ఎక్స్-7లు 8 లక్షలకు పైగా వచ్చాయి. 1991లో నాలుగు రోటర్ల 787బి ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. 362 ల్యాప్‌లు తిరిగింది. ఆ రేసు గెలిచిన మొదటి జపాన్ కారు అది. రోటరీ ఇంజనుతో గెలిచిన కారు ఇప్పటికీ అదొక్కటే.

మరి అంత గొప్ప ఇంజను అయితే అందరూ ఎందుకు వాడలేదు? వేడి. మళ్లీ చెప్తున్నా, వేడి. పిస్టన్ ఇంజనులో ఒకే సిలిండర్‌లో ఒకసారి చల్లటి గాలి వస్తుంది, ఒకసారి మంట మండుతుంది. వేడి, చల్లదనం ఒకేచోట మారుతూ ఉంటాయి. రోటరీలో అట్లా కుదరదు. గాలి వచ్చే వైపు ఎప్పుడూ గాలే, మండే వైపు ఎప్పుడూ మంటే. ఇంజనుకు ఒక పక్క ఎప్పుడూ కాలుతుంది, ఇంకో పక్క ఎప్పుడూ చల్లగా ఉంటుంది. పైగా ఇంజను ఐదు పొరలుగా ఉంటుంది. ఇనుము, అల్యూమినియం, ఇనుము, అల్యూమినియం, ఇనుము. ఇటునుంచి అటు పొడవాటి బోల్టులు వేసి బిగిస్తారు. అల్యూమినియం వేడికి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది. మెకానిక్ అన్నలకు నేను వేరే చెప్పాలా? ఆ పొరల మధ్య నీళ్లు ఆపే రబ్బరు సీళ్లు ఉంటాయి. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయితే చాలు, అవి నలిగిపోతాయి. తర్వాత పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, రేడియేటర్‌లో బుడగలు, కూలెంట్ ఎక్కడికి పోతోందో తెలియదు. హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే అన్నమాట, కానీ ఇక్కడ హెడ్ ఒక్కటి విప్పితే సరిపోదు. ఇంజను మొత్తం దించాలి, ఐదు పొరలూ విప్పాలి.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను.

కారు కొన్న మొదటి ఏడాది. స్టాక్‌గా బ్రహ్మాండంగా నడుస్తోంది. నాకు మాత్రం సౌండ్ కావాలి, పికప్ కావాలి. ఏం చేశాను? సైలెన్సర్ లైను మొత్తం తీసేసి మూడు అంగుళాల పైపు వేయించాను. మధ్యలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేశాను. మొదటి రోజు ఎంత ఆనందమో చెప్పలేను. 3000 దాటగానే బూస్ట్, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తన్నుకొస్తోంది, సీటులోకి ఒత్తుకుపోతున్నాం. ఆ తర్వాత ఇంకో సంగతి మొదలైంది. గట్టిగా తొక్కితే మధ్యలో ఠక్కున ఆగినట్టు కొడుతోంది. ఎందుకు? టర్బోలో వేస్ట్‌గేట్ అని చిన్న తలుపు ఉంటుంది, ఎక్కువైన పొగను టర్బో మీదికి పోనివ్వకుండా పక్కకు వదిలేది. పాత సన్న పైపు ఉన్నంతకాలం ఆ తలుపు సరిపోయేది. పైపు వెడల్పు చేశాను, పొగ సులువుగా పరుగెడుతోంది, తలుపేమో చిన్నది. బూస్ట్ ఆగాల్సిన చోట ఆగకుండా పైకి పాకుతోంది. కంపెనీవాళ్లు పెట్టిన కంప్యూటర్ అది చూసి ఇంజనును కాపాడటానికి పెట్రోలు ఆపేస్తోంది. ఆ ఠక్కు అదే. ఇంజను నన్ను కేకేసి చెప్తోంది, బాబూ, ఇంక వద్దు అని.

నేనేం చేశాను? ఎవరో చెప్పారని, ఒక చిన్న డబ్బా తెచ్చి వైరుకు తగిలించాను. ఆ డబ్బా కంప్యూటర్‌కు అసలు బూస్ట్ ఎంతో తెలియనివ్వదు. ఠక్కు పోయింది. బండి ఆగకుండా లాగుతోంది. అంటే ఏం జరిగింది? కేక వినిపించకుండా నోరు మూసేశాను.

జులై నెల. అక్కడ జులై అంటే చలికాలం. రాత్రి పది దాటింది, ఆక్లాండ్‌కు ఉత్తరంగా ఎత్తు రోడ్డు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, టర్బో దాన్ని ఇంకా ఎక్కువ తోస్తుంది. గాలి అంత పోతుంటే పెట్రోలు కూడా అంత పోవాలి కదా? పోవట్లేదు. కంప్యూటర్‌కు తెలియదు కదా, నేను దాచాను. మూడో గేరు, 5500. చిన్న శబ్దం, గాజు గ్లాసు పగిలినంత చిన్నది. పవర్ పోయింది. పక్కకు తీసి ఆపితే ఇంజను ఐడిల్‌లో కుంటుతోంది. ఒక పక్క పనిచేస్తోంది, ఒక పక్క లేదు.

కంప్రెషన్, అంటే గదిలో గాలి ఎంత గట్టిగా ఒత్తుకుంటోందో చూడటం కూడా ఈ ఇంజనులో వేరే. మామూలు గేజ్ పెట్టి, ఆ గేజ్‌లోని వాల్వు తీసేస్తే, మంచి ఇంజను అయితే ఫుస్, ఫుస్, ఫుస్ అని మూడూ సమానంగా కొడుతుంది. మూడు గదులు కదా. 85 పీఎస్ఐ కన్నా కిందికి పోతే ఇంజను అయిపోయినట్టు. నా వెనక రోటర్‌లో ఒక ఫుస్, తర్వాత రెండుసార్లు ఏమీ లేదు. ఒక ఫుస్, రెండు ఖాళీలు. ఎందుకు రెండు పోయాయి? ఒక ఏపెక్స్ సీల్ రెండు గదుల మధ్య గోడ. అది విరిగితే అటు గది, ఇటు గది రెండూ పోతాయి. ఆ రాత్రి చలిలో బానెట్ ఎత్తి నిలబడి ఆ శబ్దం వింటుంటే నాకు ఏడుపు వచ్చింది.

ఇంజను విప్పడానికి ఒక పెద్దాయన సాయం చేశాడు. వాళ్ల షెడ్డులో రోటరీలు తప్ప వేరే పని ఉండేది కాదు. ఆయన ఏం తిట్టలేదు. విరిగిన సీలు ముక్క హౌసింగ్ గోడను గీరి, ఎగ్జాస్ట్ లోంచి పోయి టర్బో రెక్కలను కూడా కొట్టింది. ఆ గీరిన హౌసింగే ఇది, ఇక్కడ బల్ల మీద ఉన్నది. సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని దీన్ని తెచ్చుకున్నాను. ఆయన దీన్ని నా చేతికిచ్చి, నీ పైపు తప్పు చేయలేదు, నువ్వు వేసిన క్రమం తప్పు అన్నాడు. సరిగ్గా అవే మాటలు కాకపోవచ్చు, భావం మాత్రం అదే.

క్రమం. మాడిఫై చేయొద్దని నేను చెప్పట్లేదు. చేయండి. నేను మళ్లీ చేశాను, అదే కారుకు, ముందుకన్నా ఎక్కువ చేశాను. ఫ్యాక్టరీ 205కు ఇంకో 50 దాకా కలిపాను, ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ ఇంజను విప్పలేదు. తేడా ఎక్కడుంది? రెండోసారి పవర్‌ను చివరికి పెట్టాను.

మొదట వేడి. పెద్ద అల్యూమినియం రేడియేటర్ వేశాం, సరే, అది అందరూ వేస్తారు. చాలామంది చేయని పని ఒకటుంది, అది పైసా ఖర్చు లేనిది. ఆ కారుకు ముందు బంపరు కింద ఒక ప్లాస్టిక్ రేకు ఉంటుంది. పాత కార్లలో అది విరిగిపోయి ఉంటుంది, లేకపోతే ఎవరో మెకానిక్ తీసి మళ్లీ బిగించడు. నేల గీరుకోకుండా పెట్టారులే అనుకుంటారు. ఆ రేకు లేకపోతే ముందునుంచి వచ్చిన గాలి రేడియేటర్‌లో దూరకుండా కిందినుంచి జారిపోతుంది. కొత్త రేడియేటర్ వేసినా వేడి తగ్గదు. గాలికి సులువైన దారి దొరికితే అది కష్టమైన దారిలో ఎందుకు పోతుంది? రేకు బిగించి, రేడియేటర్ చుట్టూ సందులన్నీ ఫోమ్‌తో మూసేశాం. హైవేలో ముల్లు ఎంత కిందికి దిగిందో! అన్నలూ, ఇది మీ షెడ్డుకు వచ్చే ఏ కారుకైనా వర్తిస్తుంది. తీసిన రేకు మళ్లీ బిగించండి.

డ్యాష్‌బోర్డులో వచ్చే టెంపరేచర్ ముల్లును నమ్ముకోవద్దు. చాలా కార్లలో అది మధ్యలోనే నిలబడి ఉంటుంది, లేచిందంటే అప్పటికే ఆలస్యం. అంకెలు చూపించే గేజ్ వేయండి. రోటరీలో ఇంజను ఆయిల్ కూడా చల్లబరిచే పని చాలా చేస్తుంది. రోటర్ లోపలికి ఆయిల్ చిమ్మి చల్లబరుస్తారు. అందుకే ముందు ఆయిల్ కూలర్ ఉంటుంది. దాని ముందు, టర్బో గాలిని చల్లార్చే పెద్ద ఇంటర్‌కూలర్ అడ్డం పెట్టి, కారు చూడటానికి బాగుంది అనుకుంటే, రేడియేటర్‌కు, ఆయిల్ కూలర్‌కు వచ్చే గాలిని మనమే వేడి చేసి పంపినట్టు.

తర్వాత పెట్రోలు. కొత్త పంపు, పెద్ద ఇంజెక్టర్లు, బయట కొన్న కంప్యూటర్, గాలి పెట్రోలు పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్. బూస్ట్‌లో ఉన్నప్పుడు ఒక పాలు పెట్రోలుకు 11 పాళ్ల గాలి దగ్గర ఉంచాం, అంటే కావాలనే పెట్రోలు ఎక్కువ. కాస్త మైలేజీ పోతుంది, సీళ్లు బతుకుతాయి. మైలేజీ అడిగితే లీటరుకు ఏడు, ఎనిమిది వచ్చేది. ఆ కారు కొనేవాళ్లు ఆ లెక్క ముందే ఒప్పుకోవాలి. వేస్ట్‌గేట్ తలుపు రంధ్రాన్ని గ్రైండర్‌తో పెద్దది చేశాం. బూస్ట్ పైకి పాకడం ఆగిపోయింది. ఆ తర్వాతే, ఆ తర్వాతే మూడు అంగుళాల పైపు మళ్లీ పైకెక్కింది. అదే పైపు. పారేయలేదు.

ఇప్పుడు చేతక్ దగ్గరికి రండి. ఏపెక్స్ సీల్స్ గోడకు ఒరుసుకుంటూ తిరుగుతాయి కదా, వాటిని తడిపేదెవరు? కింది సంపులోని ఆయిల్ అక్కడికి రాదు. అందుకే కంపెనీవాళ్లు ఒక చిన్న పంపు పెట్టారు, ఇంజను ఆయిల్‌నే చుక్క చుక్కగా లోపలికి పంపి కాలుస్తుంది. మన ఆర్ఎక్స్ 100 పంపు లాంటిదే. ఆ కారు ఆయిల్ తాగుతుంది, తాగాలి. తాగకపోతే పంపు పోయిందని భయపడాలి. ముప్పై ఏళ్ల పంపును నమ్మలేక చాలామంది దాన్ని తీసేసి చేతక్ పద్ధతికి పోతారు, పెట్రోలులోనే టూటీ ఆయిల్. లీటరుకు ఏడు, ఎనిమిది మిల్లీలీటర్లు సరిపోతుంది, చేతక్‌కు పోసిన దాంట్లో సగం కన్నా తక్కువ. నేను కూడా అదే చేశాను. ఆక్లాండ్ బంకులో ఒక చిన్న కొలపాత్ర తీసి ట్యాంకులో ఆయిల్ పోస్తుంటే నాకు మా నాన్న గుర్తొచ్చేవాడు, తాడిపత్రి బంకులో చేతక్ పక్కన నిలబడి, ఆయిల్ సరిగ్గా పోశారా లేదా అని వంగి చూసేవాడు. ప్రతిసారీ గుర్తొచ్చేవాడు.

పోర్టింగ్, అంటే గాలి, పొగ పోయే రంధ్రాలను పెద్దవి చేయడం, దాని గురించి ఇందాక లోపలికి వస్తుంటే ఒక అన్న అడిగాడు. ఇక్కడ ఆర్ఎక్స్ 100 సిలిండర్ పోర్టులను గ్రైండర్‌తో పెద్దవి చేసే అన్నలు ఉన్నారు, ఏ పోర్టు ఎంత ముందు తెరుచుకోవాలో చేతికే తెలిసినవాళ్లు. రోటరీలో సరిగ్గా అదే విద్య. వాల్వులు లేవు కాబట్టి పోర్టు ఆకారమే టైమింగ్. గాలి పోర్టు ఇనుప పొరలో ఉంటుంది, పొగ పోర్టు అల్యూమినియం హౌసింగ్‌లో ఉంటుంది. కొంచెం పెద్దవి చేస్తే స్ట్రీట్ పోర్ట్ అంటారు, రోడ్డు కారుకు అది చాలు. ఇంకా తవ్వి, మూల సీలు పడిపోకుండా మధ్యలో సన్నని వంతెన వదిలితే బ్రిడ్జ్ పోర్ట్. వీడియోల్లో ఐడిల్‌లో బ్రప్, బ్రప్, బ్రప్ అని కొట్టే శబ్దం దానిదే. నాకు ఆ శబ్దమంటే ప్రాణం. అయినా నా కారుకు చేయించలేదు. ఆ కారుతో ఆఫీసుకు కూడా పోవాలి, ట్రాఫిక్‌లో నిలబడాలి. కింది ఆర్‌పీఎంలో బండి లాగదు, క్లచ్ కాలిపోతుంది. ఎవరి రోడ్డు ఏదో చూసుకుని పోర్టు కోయాలి.

నడపడం గురించి కొంచెం. పొద్దున్న స్టార్ట్ చేశాక టెంపరేచర్ ముల్లు లేచేదాకా 3000 దాటించకూడదు. ఇనుము, అల్యూమినియం రెండూ కలిసి వేడెక్కాలి. వేడెక్కాక మాత్రం అప్పుడప్పుడూ బజర్ మోగేదాకా లాగాలి, లేకపోతే సీళ్ల చుట్టూ కార్బన్ పేరుకుని అవి కదలకుండా ఇరుక్కుంటాయి. ఈ కారును మెల్లగా నడిపి కాపాడలేం. ఇంకోటి, షెడ్డులోంచి బయటికి తీసి పది అడుగులు జరిపి ఆపేయడం, ఇది అస్సలు చేయొద్దు. చల్లటి ఇంజనులో పెట్రోలు నిండిపోతుంది, సీళ్ల మీది నూనెను కడిగేస్తుంది, కంప్రెషన్ రాదు, మళ్లీ స్టార్ట్ కాదు. అయితే ఏం చేయాలి? ఇంజెక్షన్ ఫ్యూజు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, క్రాంక్ కొట్టాలి. లోపలి పెట్రోలు బయటికి పోయాక ఫ్యూజు మళ్లీ పెట్టాలి.

ఘాట్‌లో జాగ్రత్త. ఆర్ఎక్స్ 100 మీద గువ్వలచెరువు ఘాట్ దిగినవాళ్లున్నారా ఇక్కడ? ఉన్నారు. గేరు తగ్గిస్తే బండి పట్టిందా? పట్టదు కదా. టూ స్ట్రోక్‌కు ఇంజను బ్రేకింగ్ దాదాపు ఉండదు. రోటరీకి కూడా చాలా తక్కువ. డీజిల్ కారు అలవాటైన కాలుతో ఈ కారు నడిపితే మొదటి పల్లంలోనే గుండె ఆగిపోతుంది. అందుకే పవర్ పెంచకముందు నేను బ్రేకు ప్యాడ్‌లు, బ్రేకు నూనె, నూనె గొట్టాలు మార్చాను. ఎఫ్‌సీ వెనక చక్రాల దగ్గర ఒక ప్రత్యేకమైన బుష్ కూడా ఉంటుంది. మలుపులో గట్టిగా పోతే దాని సాగుడుతో వెనక చక్రం తనంతట తాను కొంచెం లోపలికి తిరుగుతుంది. ఆ రోజుల్లో గొప్ప ఆలోచన అది. ముప్పై ఏళ్లకు ఆ రబ్బరు అరిగిపోతే మాత్రం, వెనక ఏం జరుగుతోందో అర్థం కాదు, నాటు పడవలో ఉన్నట్టు ఊగుతుంది. దాన్ని గట్టి బుష్‌తో మార్చాక హాంప్టన్ డౌన్స్ రేస్ ట్రాక్‌కు తీసుకుపోయాను. రెండో మలుపు నుంచి బయటికి వస్తూ, 4000 నుంచి 7000 దాకా ఒక్క గీత గీసినట్టు లాగుతుంటే... సరే. మీకు చెప్పడానికి నాకు మాటలు లేవు.

అయితే అన్నా, ఆ కారు అనంతపురంలో నడుస్తుందా? ఈ ప్రశ్న నన్ను అడగని మనిషి లేడు. మొదటి సంగతి, తీసుకురాలేం. మూడేళ్లు దాటిన వాడిన కారును మన దేశంలోకి మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. అందుకే నాది అక్కడే ఒక కుర్రాడికి అమ్మి వచ్చాను. ఆయిల్ కొలపాత్ర కూడా అతనికే ఇచ్చాను. రెండోది, మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 దాటుతుంది. అక్కడ చలి రాత్రి నా ఇంజను పోయింది పెట్రోలు చాలక. ఇక్కడ అదే ఇంజను పోతే వేడి గాలి వల్ల నాకింగ్ వచ్చి పోతుంది. గాలి ఎంత వేడిగా లోపలికి పోతే పెట్రోలు అంత తొందరపడి తనంతట తాను పేలుతుంది, ఆ దెబ్బకు సీలు రెండు ముక్కలు. బూస్ట్ తగ్గించుకోవాలి, 95 ఆక్టేన్ పైన ఉన్న పెట్రోలు వెతుక్కోవాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఆ కాలపు రబ్బరు గొట్టాలు ఆగవు, అవన్నీ ముందే మార్చుకోవాలి. నడుస్తుందా అంటే నడుస్తుంది. ముందు చల్లదనం, చివర పవర్. ఇక్కడ ఆ క్రమం ఇంకా గట్టిగా పాటించాలి.

పిల్లలకు ఇంకోమాట. న్యూజిలాండ్‌లో కారుకు పెద్ద మార్పు చేస్తే ప్రత్యేకంగా ఒక ఇంజనీరు వచ్చి చూసి, వెల్డింగులు తడిమి, సర్టిఫికెట్ ఇస్తాడు. నా కారుకు ఆ ప్లేటు ఉండేది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ఆకారాన్ని మనిష్టానికి మార్చడానికి లేదు. సైలెన్సర్ తీసేసి క్లాక్ టవర్ దగ్గర పోలీసులకు దొరికి, ఆ టెన్షన్ ఇంట్లోవాళ్లకు పెట్టొద్దు. రేకు బిగించడానికి, సందులు మూయడానికి, ఆయిల్ సమయానికి మార్చడానికి, సరైన గేజ్ పెట్టుకోవడానికి ఏ చట్టమూ అడ్డురాదు. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, మీలో కొందరు రేపు అక్కడికి పోతారు. వేడి ఎటు పోతోంది అని అడగడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుని పొండి.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ఇప్పుడు ఒక్కొక్కరుగా బల్ల దగ్గరికి రండి. ఇది మంచి ఏపెక్స్ సీల్, ఇది నాది, విరిగింది, చివర చూడండి ఎట్లా తునిగిందో. ఇది హౌసింగ్. ఇక్కడ వేలు పెట్టండి, క్రోమ్ ఎంత నున్నగా ఉందో. అట్లే జరుపుకుంటూ రండి, ఇంకొంచెం, ఇంకొంచెం... ఆ, అదే. మెల్లగా, వేలు తెగుతుంది.